రాహుకాలంల గ్రాఫిక్స్ కార్డు

"బిల్లు మూడు దాటినంకనే మేడం," అన్నడు దుకాణం విజయేందర్. "రాహుకాలంల బిల్లు కొట్ట, కొత్త మిషన్‌కు కరెంటు పెట్ట. మా నాయన గీడ రేడియోలు అమ్మినప్పటి సంది గిదే పద్ధతి. గప్పటిదాంక ఫ్యాన్ కింద కూసోండ్రి. ఏమన్న మార్చుకునేదుంటే మార్చుకోండ్రి, ఫికర్ లేదు." ఆ మాట అని టిఫిన్ డబ్బ పట్టుకొని కౌంటర్ అవుతలి దిక్కు పోయిండు. సౌభాగ్య స్టూలు మీద కూసున్నది. బేస్తవారం రాహుకాలం ఒకటిన్నరకు మొదలైతదని ఆమెకు తెల్వదా, చిన్నప్పటి సంది క్యాలెండర్ల చూస్తనే ఉన్నది, అయినా నాంపల్లి ఆఫీసుల సగం దినం లీవు పెట్టి, తిన్నది అరగకముందే అబిడ్స్ దాంక నడుసుకుంట వచ్చి, సరిగ్గ రాహువు నోట్ల పడ్డది. పోనీ. కూసునుడు ఎవలకన్న రాకుంటే రాకపోవచ్చు గని, సర్కారు ఆఫీసుల సూపరింటెండెంట్‌కు రాదా. ఎదుటోళ్ళు చెప్పేదంత వినుకుంట, ముఖం కదలనియ్యకుంట, సంతకం పెట్టే టైము వచ్చేదాంక కూసునుడే ఆమె నౌకరి.

కౌంటర్ మీద ఆమె సామాను ఒక దిక్కు కుప్ప పెట్టి ఉన్నది. ప్రాసెసర్ డబ్బ, మదర్‌బోర్డు డబ్బ, ర్యామ్, ఎస్ఎస్‌డి, పవర్ సప్లై, కింద నేల మీద నల్ల క్యాబినెట్. మస్తు ముచ్చటగ ఉన్నది చూస్తుంటే. ఎన్ని రాత్రులు ఫోన్ల వీడియోలు చూసింది, ఎర్ర డబ్బ కంపెనోళ్ళు, నీలం డబ్బ కంపెనోళ్ళు అని పోరగాళ్ళు కొట్టుకునుడు చూసి నవ్వుకున్నది, ఆఖర్న ఎర్ర డబ్బకే వచ్చింది, ఎందుకంటే రేపు ఇంకా పెద్ద ప్రాసెసర్ పెట్టుకోవాల్నంటే గదే బోర్డు మీద కూసుంటది, బోర్డు మార్చే పని లేదు. విజయేందర్ అద్దాల క్యాబినెట్ చూపించిండు, లోపల ఏడు రంగుల లైట్లు, పెండ్లి పందిరి లెక్క. ఆమె వద్దన్నది. ముందల జాలీ ఉన్నది కావాలె, ఎండకాలం మా ఇంట్ల గోడలు పట్టుకుంటే కాలుతయి, మిషన్‌కు గాలి ఆడాలె అన్నది. పవర్ సప్లై ఆయన తక్కువల ఇస్తానన్నడు, గది గూడ వద్దన్నది, పేరున్న కంపెనీది ఇయ్యమన్నది. పైసలు దేంట్ల మిగిలించాలెనో, దేంట్ల మిగిలించొద్దో ఆమెకు ఎరుకే. లైట్లల్ల మిగిలించాలె, పవర్ల మిగిలించొద్దు. ర్యామ్ సగమైంది గని, కడమయన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నయి కుప్పల. ఒక్కటి తప్ప. గ్రాఫిక్స్ కార్డు కుప్పల లేదు. విజయేందర్ తల వెనుక అరల, ఆయననే చేతులార తీసి పెట్టిన కాడ, డబ్బ ఇటు మొఖం పెట్టి ఆమెనే చూస్తున్నది.

తప్పు తనదే, వేరే ఎవ్వలది కాదు. దుకాణంల అడుగు పెట్టంగనే ఆయన అడిగిండు, "గేమింగ్ మిషనా? ఎవలకు మేడం?" అని. నోట్లకెల్లి అదే వచ్చేసింది, "మా బాబుకు" అని. ఎందుకచ్చిందో ఆమెకు ఇప్పటికీ సమజైతలేదు, ఆమెకు ఉన్నది ఒక్క బిడ్డ, రశ్మి, పెండ్లయి నిజాంబాద్‌ల ఉన్నది, ఇంట్ల మొగపిల్లగాడే లేడు. యాభై ఆరేండ్ల ఆడామె, పట్టుచీర కాకపోయినా ఇస్త్రీ చీర కట్టుకొని, మెడల కళ్ళద్దాల గొలుసు ఏసుకొని, నాకే అంటే ఆయన ఏమనుకుంటడో అని ఒక్క చిటికెంత సేపు అనిపించింది, గా చిటికెలనే బాబు పుట్టిండు. "పేరేంది?" అన్నడాయన, డబ్బల మీద చీటీ అంటించనీకి. మహీధర్ అన్నది. ఆ పేరు ఏడికెల్లి వచ్చిందంటే, రశ్మి కడుపుల ఉన్నప్పుడు అత్తమ్మ మనుమడు పుడుతడని ముందే ఖాయం చేసి పెట్టిన పేరు, ఇగ మనుమడు రాలేదు, పేరు మాత్రం ఎవ్వలు వాడని కొత్త స్టీలు గిన్నె లెక్క అటక మీద పడి ఉండె, ఇయ్యాల్ల పనికొచ్చింది. "ఏం సదువుతుండు?" అంటే ఇంటర్ సెకండియర్ అన్నది. గంతే, విజయేందర్ చెయ్యి ఆగింది. అప్పటిదాంక అమ్మేటాయన, అప్పటికెల్లి తండ్రి లెక్క అయిండు.

"ఇంటర్ సెకండియరా మేడం," అన్నడు, గొంతు తగ్గించి, ఏదో రోగం పేరు విన్నట్టు. "మార్చిల పరీక్షలుంటయి గదా. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? గిది పెట్టిన్రంటే పోరగాడు పుస్తకం ముట్టడు. ప్రాసెసర్లనే జర బొమ్మ వస్తది, క్లాసులు చూసుకుంటడు. రిజల్టు వచ్చినంక మీరే తీసుకపోండ్రి కార్డు, బహుమానం ఇచ్చినట్టు ఉంటది. నేను అమ్ముకునెటోన్నే, అయినా చెప్తున్న చూడుండ్రి." అని కార్డు డబ్బ తీసి అరల పెట్టిండు. ఆయనను ఏమంటం. నష్టానికి ఓర్చుకొని లేని పిల్లగాని సదువు కాపాడుతుండు. ఆమె "ఔ, నిజమే" అన్నది, ఇంకేమంటది, కన్నతల్లి ఎట్లంటదో అట్ల అన్నది. ర్యామ్ గూడ రెండు పుల్లలు వద్దు, ఒక్కటి సాలు, సదువుకు గింతే బహుత్ అని ఒకటి వెనక్కి తీసిండు. కుప్ప మీద చీటీ అంటించిండు, నీలం పెన్నుతోటి, "మహీధర్ మమ్మీ" అని.

మహీధర్ మమ్మీ. బయట ఆర్టీసీ బస్సు నాంపల్లి స్టేషన్ దిక్కు మల్లుతున్నది, డ్రైవర్ గేరు దించినప్పుడు ఇంజన్ గుర్రుమన్నది, రెండుల ఏసిండు, మూడుల ఉంటే సాలు ఈ మలుపుకు, ఎందుకంత తొందర. చూడకుంటనే తెలుస్తది ఆమెకు. గౌలిగూడల బాపు లారీలు ఉన్నప్పుడు, ఇల్లు మీద, లారీలు కింద, చప్పుడుతోటే నిద్ర లేచేది, చప్పుడుతోటే పండేది. ఏ లారీ ఎక్కుతున్నది, ఏ లారీ దిగుతున్నది, ఏ డ్రైవర్ క్లచ్ కాలుస్తున్నడు, మంచంల పండుకొనే చెప్తుండె, బాపు నవ్వుతుండె, మా సౌభాగ్యకు చెవుల ఇంజన్ ఉన్నదని దోస్తులకు చెప్తుండె. చెప్పుడు వరకే. అన్న నరేశ్, తమ్ముడు భూపాల్ మీసాలు రాకముందే స్టీరింగ్ పట్టిన్రు. లారీ నెత్తి మీద పసుపు రంగుల రాయించిండు బాపు, నరేశ్–భూపాల్ అని, ఇద్దరి పేర్ల నడుమ ఒక కమలం పువ్వు. దసరాకు గా పేర్లను గుడ్డతోటి తుడిచేది ఎవలు? తనే. ఒక్కసారి, ఒక్కటే సారి, లారీ ఆగి ఉన్నప్పుడు ఎక్కి కూసోమన్నడు. ఇంజన్ బందు. చక్రం రెండు చేతులతోటి పట్టుకొని తిప్పిందామె, బరువుండె, భుజాలు నొచ్చినయి, ఎటూ పోలేదు, అయినా తిప్పింది, బాపు కింద నిలబడి సూస్తుండె, ఆమె నోటితోటే గేర్ల చప్పుడు చేసుకుంట విజయవాడ దాంక పోయొచ్చింది. దిగంగనే అమ్మ పిలిచింది, రొట్టెలు చెయ్యమని. కోపం ఉండెనా గప్పుడు? ఉండె. మస్తు ఉండె. ఇప్పటికీ ఉన్నది, లేదంటే అబద్ధం అవుతది.

రెండేండ్ల కింద గణేశ్ నిమజ్జనం దినం నరేశన్న ఇంట్ల చిక్కుకపోకుంటే ఈ కథే లేకుండె. ఖైరతాబాద్‌ల రోడ్లన్నీ బందు, జనం, డీజేలు, ఇంటికి పోవుడు అయితలేదు. అన్న కొడుకు జితేందర్ తన అర్రల పిలిచి, "అత్తా, గిది ఆడుతవా, లారీ నడుపుడే," అన్నడు, బల్లకు బిగించిన స్టీరింగ్ ముందల కూసోబెట్టిండు. తెర మీద ఏదో దేశం, పేరు నోరు తిరగని ఊర్లు, వాన పడుతున్నది, అద్దం మీద వైపర్లు. ఆమె గేరు ఏసింది. ఇంజన్ పలికింది. నలభై ఏండ్ల సంది ఆమె చెవులల్ల పండుకున్నదేదో గదే పలికింది. జితేందర్ కింద మీద అయిండు, "అత్తా, నువ్వు నాకంటే మంచిగ నడుపుతున్నవ్ ఏంది," అని. అప్పటికెల్లి ప్రతి ఆదివారం ఖైరతాబాద్. వదినె అనుకున్నది ఆడబిడ్డకు పుట్టింటి మీద పానం గుంజుతున్నదని, మంచిగ చికెన్ వండిపెడుతుండె. సౌభాగ్య తిని, చెయ్యి కడుక్కొని, సామాను ఎక్కించుకొని, వానల, మంచుల, చీకట్ల, ఒక దేశంకెల్లి ఇంకొక దేశంల దించొచ్చేది. ఎన్ని వేల కిలోమీటర్లో. అన్నీ జితేందర్ పేరు మీదనే, ఆట అతనిది గదా, లారీ తలుపు మీద గూడ జితేందరే. ఆరు నెలల కింద పిల్లగానికి పుణెల నౌకరి దొరికింది, మిషన్ పట్టుకపోయిండు, కిలోమీటర్లు గూడ పట్టుకపోయిండు. పెడళ్ళతోటి స్టీరింగ్ మాత్రం సూట్‌కేసుల పట్టలేదు. "నీ దగ్గర పెట్టుకో అత్తా," అన్నడు.

అది ఇంట్ల బీరువా మీద ఉన్నది. మొగడు రామచందర్ టీవీ చూసుకుంట నిద్రపోయినంక ఆమె దించి, మంచం మీద పెట్టుకొని, అప్పుడప్పుడు తిప్పుతది. మల్ల ఇంజన్ లేని స్టీరింగే. పదేండ్లప్పుడు తిప్పింది అదే, యాభై ఆరుల తిప్పుతున్నది అదే, మనుషులకు గిట్ల గూడ రాసి పెడ్తడా దేవుడు, అని ఒక్క దినం నవ్వచ్చింది, ఇంకొక దినం ఏడుపచ్చింది, మూడో దినం మిషన్ కొననీకి ఆఫీసుల చిట్టి ఎత్తుకున్నది. రామచందర్‌కు చెప్పింది, దాచుడెందుకు. ఆయన టీవీ సౌండ్ తగ్గించి, "ఏసీ కొందామనుకున్నం గదా," అన్నడు. "ఏసీ వచ్చే ఎండకాలం. గిది ఇప్పుడు," అన్నది. ఆయన సౌండ్ పెంచిండు, అంటే ఒప్పుకున్నట్టు. మొగనికి చెప్పగలిగింది, బిడ్డకు ఫోన్ల చెప్పగలిగింది, రశ్మి అయితే "మమ్మీ, లైట్లది తీసుకో, మంచిగుంటది," అని గూడ అన్నది. ఇంత మందికి చెప్పినామె, ముక్కు మొఖం ఎరుగని దుకాణం ఆయనకు చెప్పలేకపోయింది. చూడు, ఇదే గమ్మత్తు.

కార్డు లేకుంటే ఏమైతదో ఆమెకు బాగ ఎరుక. ప్రాసెసర్ ఇచ్చే బొమ్మతోటి లారీ కదులుతది, కాదనది. గని రాత్రి పూట వానల, ఎదురుంగ లైట్లు పడుతుంటే, బొమ్మ ఆగి ఆగి వస్తది, మలుపు కాడ చక్రం తిప్పినంక గని తెర తిరగది. ఆ జర సేపట్ల లారీ పల్టీ కొడ్తది. ఆమె నడిపేదే రాత్రి, ఆమెకు ఇష్టమే వాన. ఎండల ఖాళీ రోడ్డు మీద పోనీకి ఆర్నెల్లు వీడియోలు చూసిందా? సరే, అబద్ధాన్నే జర సదురుదాం అనుకున్నది. మహీధర్‌కు పరీక్షలు అయిపోయినయి అందామా, మార్చి ఇంకా రాలేదు. కాలేజీ ఫస్టు, పుస్తకం ముట్టకపోయినా మార్కులొస్తయి అందామా, దిష్టి తగులుతది, లేనోనికైనా దిష్టి దిష్టే. ఇంజనీరింగ్ అని తప్పు చెప్పిన అందామా, ఏ తల్లి కొడుకు సదువు మరిచిపోతది. కూసున్న గంటల్నే వాడు మస్తు పెద్దోడయిండు, పొడుగు, సన్నం, చెప్పిన మాట వినడు, బైకు కావాల్నంటడు, ఆమెకు వాని మీద కోపం గూడ వచ్చింది. నీ పరీక్షల మూలాన నా కార్డు పోతున్నది గదరా అనుకున్నది.

అప్పుడే విజయేందర్ ఫోన్ మోగింది. నోట్ల అన్నం పెట్టుకొనే మాట్లాడిండు. "ఔ సార్, ఎనిమిది జీబీదే. ఒక్కటే ఉన్నది. మల్ల స్టాకు ఎప్పుడొస్తదో తెల్వదు, వచ్చినా రేటు పెరుగుతది. మూడు దాటినంక రాండ్రి, బిల్లు కొడ్త. మీ బాబు పరీక్షలు? ఇంజనీరింగ్ అయిపోయిందా, మంచిది సార్, మంచిది." ఫోన్ పెట్టి మజ్జిగ కలుపుకున్నడు. సౌభాగ్య కార్డు డబ్బను చూసింది. గోడ మీద గడియారం చూసింది. గుండె దడదడ కొట్టుకున్నది, సిగ్గు లేకుంట. ఆఫీసుల ఎంత పెద్ద సాబు వచ్చి అరిచినా కొట్టుకోని గుండె.

కిటికీలకెల్లి అబిడ్స్ అంత కనబడుతున్నది, పోస్టాఫీసు ముందల ఆటోలు, ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ ఇయ్యాల్ల ఖాళీగ. ఈ సడక్ మీద ఆమె ఎన్నిసార్లు నడిచింది. రశ్మి బడి యూనిఫారాలు గీడనే, రామచందర్ బూట్లు గీడనే, భూపాల్ పెండ్లికి గడియారం గీడనే, అత్తమ్మ కళ్ళద్దాలు, జితేందర్ పుట్టినప్పుడు వెండి మొలతాడు, ఫుట్‌పాత్ మీద రశ్మికి ఎంసెట్ పుస్తకాలు. చేతుల నిండ సంచులతోటి బస్సు ఎక్కుతుండె. అన్నిట్ల నాది అని ఏది ఉన్నది, ఎంత యాది చేసుకున్నా ఒక గొడుగు తప్ప యాదికి రాలేదు, అది గూడ బస్సుల మరిచిపోయింది. ప్రతిసారి దుకాణపోళ్ళు అడిగిన్రు, ఎవలకమ్మా అని, ప్రతిసారి ఎవలదో పేరు చెప్పింది. గందుకే నోటికి అదే అలవాటైంది. పేరు లేనప్పుడు గూడ పేరు పుట్టించింది. ఇప్పుడు సమజైంది. సమజైనంక దడ తగ్గింది, పెన్ను తీసి సంతకం పెట్టే ముందు ఎట్లుంటదో అట్లయింది. సంతకాలు పెట్టుడు ఆమెకు కొత్తనా.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. బట్టతలాయన, చేతిల హెల్మెట్, లోపలికి వచ్చి రుమాలుతోటి మెడ తుడుచుకున్నడు. "ఫణికుమార్ అండి, ఇందాక ఫోన్ చేశాను," అన్నడు. "ఆ కార్డు తీసి ఉంచారు కదా. మావాడు పొద్దున్నుంచి నా ప్రాణం తీస్తున్నాడండి." విజయేందర్ చెయ్యి తుడుచుకొని, గడియారం చూసిండు, ముల్లు మూడు దాటింది, దేవుని పటానికి దండం పెట్టి కంప్యూటర్ ముందల కూసున్నడు. చెయ్యి వెనుకకు చాపి అరలకెల్లి డబ్బ తీసిండు.

"గది నాది," అన్నది సౌభాగ్య.

గొంతు పెద్దగ చెయ్యలేదు. ఆఫీసుల ఫైలు వాపసు పంపేటప్పుడు ఎట్లంటదో అట్లనే అన్నది. విజయేందర్ డబ్బ పట్టుకొనే తిరిగిండు. "మేడం, మరి బాబు పరీక్షలు..."

"ఆడేది బాబు కాదు. నేను. లారీలు నడుపుత, రాత్రి పూట, వానల. మీ ప్రాసెసర్ బొమ్మతోటి అయితే నా లారీ మలుపు కాడ పడిపోతది. మీకంటే ముందుగాల నేనొచ్చిన సార్," అన్నది ఫణికుమార్ దిక్కు తిరిగి, "ఏమనుకోకండ్రి."

ఫణికుమార్ ఆమె కళ్ళద్దాల గొలుసు చూసిండు, కింద నల్ల క్యాబినెట్ చూసిండు, హెల్మెట్ ఒక చేతిలకెల్లి ఇంకొక చేతిలకు మార్చుకున్నడు. "అయ్యో, మీదేనండి, మీదే," అన్నడు. ఇప్పుడు నవ్వుతరు అనుకున్నది, నవ్వితే నవ్వనీ అని గూడ అనుకున్నది. విజయేందర్ నవ్వలేదు. ఆయన మొఖంల కోపమే వచ్చింది.

"గీ ముచ్చట ముందుగాల చెప్పాలె గదా మేడం," అన్నడు. "లారీ ఆటకైతే ర్యామ్ రెండు పుల్లలు ఉండాలె, నేను సదువుకని ఒకటి తీసేసిన. అదున్నదా, స్టీరింగ్?"

"ఉన్నది."

"పెడళ్ళు?"

"అవి గూడ. క్లచ్‌తోటి."

"క్లచ్‌తోటా," అన్నడు, మొదటిసారి ఆమెను ఆమెలెక్క చూసి. కార్డు డబ్బ తెచ్చి కుప్ప మీద పెట్టిండు, రెండో ర్యామ్ పుల్ల తెచ్చి దాని పక్కన పెట్టిండు. ఇగ బిల్లు కొట్టనీకి పేరు చూద్దామని చీటీ దిక్కు వంగి, మహీధర్ మమ్మీ అని చదివి, ఆగిండు. చీటీ పీకి, ఇంకొకటి చింపి, పెన్ను పట్టుకొని తల ఎత్తిండు. ఆమె తన పేరు చెప్పింది, ఇంటిపేరుతోటి సహా, ఆయన పెద్దగ రాసి డబ్బ మీద అంటించిండు. లారీ నెత్తి మీద పసుపు రంగు కాదు, నీలం పెన్నే, అయినా సౌభాగ్య గా చీటీని జర ఎక్కువ సేపే చూసింది.

"మరి మహీధర్ ఎవలు మేడం?" అన్నడు విజయేందర్, బిల్లు కొట్టుకుంట.

"వాని ముచ్చట వద్దు," అన్నది సౌభాగ్య. "వాన్ని సదువుకోనీయండ్రి. మార్చిల పరీక్షలున్నయి."